మూసుకోని కారు కప్పు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా బావ తన కారు నాకు అమ్మాడు. అక్క పెళ్లయినప్పటి నుంచీ మా ఇంట్లో ఆయన మాటకి తిరుగులేదు. పత్తికి ఏ మందు కొట్టాలన్నా, పాపని ఏ బళ్లో వెయ్యాలన్నా ఆయన్నే అడిగేవాణ్ణి.

కారులో లైట్లు, ఏసీ, అన్నీ వేసి చూపించాడు. పైకప్పులో తెరుచుకునే అద్దం జోలికి మాత్రం పోలేదు.

"అది ఉత్త షోకురా. మన ఎండలకి దాన్ని తెరిచేదెవరు?" అన్నాడు.

పక్కనే ఉన్న అక్క నవ్వి ఊరుకుంది.

ఆ వేసవిలో గుంటూరులో ఏడాదికి సరిపడా కారం పట్టించుకుని పర్చూరు వస్తున్నాం. ముందు నా భార్య, వెనక పాప, దాని పక్కన కారం సంచులు. పొద్దువాలి కాస్త చల్లబడగానే పాప పైన తెరవమని గోల మొదలెట్టింది. మీట నొక్కాను. అద్దం వెనక్కి జరిగింది. పాప సీటెక్కి తల బయటపెట్టి ఒకటే కేకలు. నాకూ సరదాగానే అనిపించింది.

ఇంతలో పడమట మబ్బు కమ్మింది. కళ్లాల్లో జనం మిరపకాయల మీద కప్పడానికి పట్టాలు పట్టుకుని పరుగులు పెడుతున్నారు. మొదటి చినుక్కే పాపని కూచోబెట్టి మళ్లీ మీట నొక్కాను. మోటారు గుయ్‌మంటోంది, అద్దం కదలదు. చేత్తో లాగాను, రాలేదు. నా భార్య కొంగు అడ్డం పట్టింది. వాన దంచేసింది. కారం సంచులు తడిసి, ఆ ఎర్రనీళ్లు పాప ఒంటి మీదికి కారాయి. ఆ చేతులతోనే అది కళ్లు నులుముకుంది.

"మంట నాన్నా, మంట!"

రోడ్డు పక్క పత్తి జిన్నింగు మిల్లు షెడ్డులోకి కారు పోనిచ్చి, బిందెడు నీళ్లు అడిగి కళ్లు కడిగాం. దాని ఏడుపు ఇంటికి చేరేదాకా ఆగలేదు.

మర్నాడు బావ ఎప్పుడూ వెళ్లే మెకానిక్ దగ్గరికే కారు తీసుకెళ్లాను. అతను ఒక తాళంలాంటిది లోపల పెట్టి తిప్పి అద్దం మూశాడు.

"దీన్ని ఎందుకు తెరిచారండీ? లోపల కేబులు పోయింది, తెరిస్తే మూసుకోదని మీ బావగారికి ఎప్పుడో చెప్పానే?"

అటునుంచి అటే పొన్నూరులో అక్కావాళ్ల ఇంటికి వెళ్లి అద్దం సంగతి అడిగాను.

"తెరవక్కర్లేదని చెప్పాగా!" అన్నాడు బావ, పేపరు మీంచి తలెత్తకుండా.

"షోకన్నావు బావా. పాడైందనలేదు."

"నువ్వు అడగలేదుగా?"

అక్కవైపు తిరిగాను. "నీకూ తెలుసా?"

అక్క నా మొహం చూడలేదు. "మీ బావ చెప్పొద్దన్నార్రా" అంది మెల్లిగా.

బావ మాటకి కోపం వచ్చింది. అక్క మాట విన్నాక మాత్రం కారు తాళాలు తీసుకుని లేచాను. కాఫీ తాగమంటున్నా వినిపించుకోకుండా వచ్చేశాను.

కేబులు మార్పించాను. మా పొలాల దుమ్ము, పత్తి నూగు అద్దం జరిగే పట్టాల్లో చేరి అది బిగుసుకుపోకుండా అప్పుడప్పుడూ గుడ్డతో తుడిచి గ్రీజు రాసేవాణ్ణి. మూలల్లో నీళ్లు పోయే సన్నటి గొట్టాలు పూడకుండా చూసుకునేవాణ్ణి. అద్దం చక్కగా తెరుచుకునేది, మూసుకునేది. పాప మాత్రం మళ్లీ తెరవమని అడగలేదు.

అక్కతో రాకపోకలు మానలేదు. వెళ్తాను, తింటాను, పిల్లల సంగతులు మాట్లాడతాను. కానీ ఆమె ఏదైనా బాగుందని చెబితే, ఇంటికొచ్చాక ఇంకొకర్ని అడుగుతాను.