తన మీద తానే రాసిన ఉత్తరం

ఉత్తరాలన్న పోయిన సంగతి నాకు పొద్దున వాగు దగ్గర తెలిసింది. "ఆ నల్లమందోడు పోయాడట" అంది పక్క గదామె, బిందె ఎత్తుకుంటూ. ఎవరి గురించి అంటోందో ఓ క్షణం అర్థం కాలేదు. చెరకు తోట పక్కన, మా కూలీ లైన్ల గదుల్లో తెలుగు రాయడం వచ్చినవాడు ఆయనొక్కడే. మేం ఫిజీలో బతికే ఉన్నామని మా అమ్మానాన్నలకి ఉత్తరాలు రాసి తెలిపిన మనిషి, అందుకే ఉత్తరాలన్న. పోయేనాటికి ఆయనకు నల్లమందోడన్న పేరొక్కటే మిగిల్చాం.

ఆదివారాలు గది ముందు గోనెపట్టా పరిచేవాడు. చెప్పింది చెప్పినట్టు రాసి, పైకి చదివి, "ఇంకేమైనా మిగిలిపోయిందా అమ్మా?" అని అడిగేవాడు. నాకెప్పుడూ ఏదో ఒకటి మిగిలిపోయేది. విసుక్కునేవాడు కాదు. "వాళ్ళు దీన్ని పదిసార్లు చదివించుకుంటారు. మనం ఒక్కసారి సరిగ్గా రాద్దాం" అనేవాడు. ఇక్కడ నన్నెవరూ కొట్టరని మా అమ్మకి రాయమన్నాను ఒకసారి. కలం ఆపి, "అబద్ధం రాయను చెల్లెమ్మా. దెబ్బల సంగతే ఎత్తకుండా రాస్తాను, సరేనా?" అన్నాడు. తర్వాత నాకు అక్షరాలు దిద్దించిందీ ఆయనే. ఇవాళ ఇది నా చేత్తో రాయగలుగుతున్నది ఆయన చలవే.

చెరకు మోసే ట్రక్కు బండి పట్టాలు తప్పి ఆయన కాలు నలిగినప్పుడు ఆసుపత్రిలో నల్లమందు ఇచ్చారు. నెలల తరబడి ఇచ్చి, నడవగలడనగానే ఆపేసి పనిలోకి పంపారు. ఇక అది లేకపోతే చెమటలు, వణుకు, కడుపులో మెలిపెట్టే నొప్పి. చాటుగా కొని తినడం మొదలుపెట్టాడు. మళ్ళీ ఆసుపత్రికి వెళ్తే, అలవాటు చేసినవాళ్ళే "నల్లమందు తినేవాళ్ళకి ఇక్కడ మంచం లేదు" అని తిప్పి పంపారు.

ఆయనకో జహాజీ ఉండేవాడు. ఇద్దరిదీ ఒకే ఊరు, ఓడలో పక్కపక్కన పడుకుని వచ్చారు. మాకిక్కడ జహాజీ అంటే, ఒకే ఓడలో వచ్చినవాడంటే, తోడబుట్టినవాడికన్నా ఎక్కువ. "నన్ను గదిలో కట్టేసైనా సరే, ఇది మాన్పించు" అని అతనొక్కడికే చెప్పుకున్నాడు. అతను మర్నాడే చెరకు కొడుతూ అందరికీ చెప్పేశాడు. అప్పట్నుంచి పిల్లల్ని ఆ గుమ్మం వైపు పోనిచ్చేవాళ్ళు కాదు. ఆయన తాగిన లోటా ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు.

ఆ వారంలోనే నా ఇత్తడి చెంబు కనిపించకుండా పోయింది. ఎవరు తీశారో నేననలేదు. నేను అనాల్సిన పని లేకపోయింది.

ఆదివారం జహాజీ వచ్చి అందరి ముందూ గోనెపట్టా మీద కూర్చున్నాడు. "మన ఊరికి రాయి. నీ పేరు పెట్టే రాయి. నల్లమందు తిని పాడైపోయాడు, మనవాడని ఎవరూ చెప్పుకోవద్దు అని."

ఉత్తరాలన్న రాశాడు.

"దొంగతనాలు కూడా చేస్తున్నాడని రాయి."

కలం ఆగింది. "నల్లమందు తింటున్నాను, అది రాశాను. దొంగతనం చెయ్యలేదు. అది రాయను."

"అందరూ అంటున్నారుగా!"

ఆయన మా అందరి వైపూ చూశాడు. చూపు నా దగ్గర ఆగింది. చెంబు ముందురోజే బియ్యం గోనె వెనక దొరికింది నాకు. ఆ మాట అంటే నన్నూ ఆయనతో పాటు దూరం పెడతారని భయం. తల దించుకున్నాను. ఆయన రాసినంతవరకూ పైకి చదివాడు, గొంతు మారకుండా.

ఆ తర్వాత ఎవరూ ఆయన చేత రాయించుకోలేదు. వేరే తోటకి రెండు గంటలు నడిచి వెళ్ళి రాయించుకున్నాం. నేనూ వెళ్ళాను, అప్పటికింకా నా రాత ఉత్తరానికి సరిపోయేది కాదు. కొన్నాళ్ళకి ఆయనకి విరేచనాలు పట్టుకుంటే "నల్లమందు దొరక్క ఆ బాధ" అనుకున్నాం. అది జబ్బని ఎవరికీ తోచలేదు. మూడో రోజుకి పోయాడు.

పాడె మోయడానికి ముగ్గురే ముందుకొచ్చారు. నాలుగో భుజం నేనిచ్చాను. ఆడదానివి నీకెందుకని ఎవరూ అడ్డు చెప్పలేదు. ఏటి ఒడ్డున చితి అంటుకున్నాక అన్నాను: "నా చెంబు ఎవరూ తియ్యలేదు. అప్పుడే దొరికింది నాకు."

"ఇప్పుడెందుకమ్మా ఆ మాట?" అన్నాడు వాళ్ళలో పెద్దాయన.

జహాజీ దూరంగా చెరకు గట్టు మీద నిలబడ్డాడు. నేను రమ్మనలేదు, తనూ దిగి రాలేదు. గాలి మళ్ళి పొగంతా అటే పోతోంది. దగ్గుతున్నాడు, కళ్ళు తుడుచుకుంటున్నాడు. పక్కకి మాత్రం జరగలేదు.