పిల్లి తరఫున వాదించిన కేసు

యుద్ధం నడుస్తున్న రోజులవి. నాకు ఇరవై రెండేళ్ళు. చిత్తూరులో ఒక వకీలు దగ్గర ఏడాదిన్నర గుమాస్తాగా పనిచేసి, వడమాలపేట దగ్గరున్న మా ఊరికి తిరిగి వచ్చాను. వచ్చాను అనడం కంటే పంపించేశారు అనడం న్యాయం. ఒక దావా కాగితానికి నకలు రాస్తూ వాది ఉండాల్సిన చోట ప్రతివాదినీ, ప్రతివాది ఉండాల్సిన చోట వాదినీ రాశాను. కోర్టులో పైకి చదివేదాకా ఆ సంగతి ఎవరూ గమనించలేదు. వకీలుగారు తిట్టలేదు. "నీకు సేద్యమే బాగుంటుందప్పా" అని మాత్రం అన్నారు.

ఊళ్ళో నేనీ మాట ఎవరికీ చెప్పలేదు. మోచేతుల దగ్గర పీచులు లేచిన పాత నల్లకోటు ఒకటి వెంట తెచ్చుకున్నాను. ఎండలు మండుతున్నా దాన్ని తొడుక్కునే వీధిలోకి వెళ్ళేవాణ్ణి. ఎక్కడైనా ఇద్దరు గట్టు తగాదా పడుతుంటే పక్కన నిలబడి "దానికి సెక్షన్ ఉండాది" అనేవాణ్ణి. ఏ సెక్షన్ అని ఎవరూ అడక్కపోవడం నా అదృష్టం.

నాయన పోయినప్పటి నుంచి సేద్యమంతా మా అమ్మే చూసుకునేది. ఇంట్లో చెనిక్కాయల మూటలు ఉండేవి, వాటికోసం ఎలుకలు, ఎలుకల కోసం ఒక పిల్లి. అమ్మ దాన్ని సాకేదంటే, సాయంత్రం చిప్పలో ఇంత మజ్జిగన్నం పెట్టేది, అంతే. తక్కిన పొద్దంతా అది ఏ ఇంటి కప్పు మీద తిరిగేదో, ఎవరి ఉట్టి కింద కూర్చునేదో మేం పట్టించుకోలేదు. ఊళ్ళో పిల్లిని ఇంట్లో పెట్టి తలుపు వేసేవాళ్ళు ఎవరున్నారు?

ఎదురింట్లో ఒక అవ్వ ఒంటరిగా ఉండేది. నాలుగు కోడిపెట్టల్ని సాకి, గుడ్లూ పిల్లలూ సంతలో అమ్ముకుని బతికేది. ఒక పొద్దున ఆమె మా వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"మీ పిల్లి నా కోడిపిల్లల్ని మూడింటిని మింగేసినాది. ఇంకోసారి నా ఇంటి దిక్కు వచ్చినాదంటే రోకలితో ఒకటి ఇస్తాను. తర్వాత నన్ను అనొద్దు."

అమ్మ ఏదో సర్దిచెప్పబోయింది. నేను లోపలికి పోయి, కోటు తొడుక్కుని మరీ బయటికి వచ్చాను.

"అవ్వా, మాట జాగ్రత్త. జంతువును సంపినోళ్ళకు రెండేండ్లు జైలు. సెక్షన్ నాలుగునూర్ల ఇరవై ఎనిమిది" అన్నాను. నాకు నోటికి వచ్చిన సెక్షన్లలో అదొకటి.

అవ్వ నన్నూ, నా కోటునూ ఎగాదిగా చూసింది. "పిల్లిని సంపితే బంగారు పిల్లిని సేసి కాశీలో దానమియ్యాలని మాయమ్మ సెప్పేది. జైలు సంగతి ఆమెకు తెలీదు పాపం. మునసబునే అడుగుతాను" అని వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నమే మునసబు నుంచి పిలుపు వచ్చింది. ఆయన బక్కపలచని మనిషి, మాట నిదానం. ఆయన ఇంటి అరుగు మీద అప్పటికే పదిమంది చేరారు. పిల్లి మీద తగాదా అంటే పనులు మానుకుని వచ్చినట్టున్నారు. నేను రాత్రుళ్ళు మేలుకుని చదివిన ప్లీడరులాగా గొంతు సవరించుకుని మూడు వాదనలు వినిపించాను. ఒకటి, పిల్లి కోడిపిల్లను పట్టడం చూసినవాళ్ళు లేరు. రెండు, పిల్లి ఎవరి సొత్తూ కాదు, తన ఇష్టాన తిరిగే జంతువు, అది చేసినదానికి మేం జవాబుదారులం కాము. మూడు, అయినా సరే దాన్ని ఎవరైనా చంపితే జైలు తప్పదు.

మునసబు లోపలి నుంచి ఒక పాత పుస్తకం తెప్పించి, అద్దాలు పెట్టుకుని, పేజీలు తిప్పారు.

"నువ్వు సెప్పిన సెక్షన్ ఈడ ఉండాదప్పా. కానీ పది రూపాయలు, అంతకు పైన వెల చేసే జంతువు అని రాసినారే. మీ పిల్లి వెల ఎంత?"

ఆ షరతు ఉన్నట్టే నాకు తెలియదు. పది అంటే సరిగ్గా అతికినట్టు ఉంటుందని, "పన్నెండు" అన్నాను.

అరుగు మీద నవ్వు లేచింది. మునసబు మాత్రం నవ్వలేదు.

"పన్నెండు రూపాయల సొత్తు. ఎవరిది?"

"మాదే."

"ఇందాక ఎవరి సొత్తూ కాదంటివే?"

చిత్తూరులో కాగితం మీద చేసిన పనే ఇక్కడ నోటితో చేశాను. కోటు లోపల చెమట ధారకట్టింది. ఆయన పుస్తకం మూసి, మా ఇద్దరికీ కలిపి చెప్పారు. "పిల్లిని కట్టేసుకోమని సట్టంలో నాకు యాడా కనపడలేదు. అట్లని ఇరుగుపొరుగు లేకుండా పోదు కదా. కోడిపిల్లలు కొంచెం పెద్దయ్యేదాకా పొద్దున పూట మీ పిల్లిని మీరు పట్టిపెట్టుకోండి. అవ్వా, నువ్వు రోకలి లోపల పెట్టుకో."

మరుసటి పొద్దున పిల్లి మెడకు నులకతాడు వేసి వసారా స్తంభానికి కట్టాను. అది స్తంభం చుట్టూ తిరిగి తిరిగి, తాడు బిగుసుకుని, కళ్ళు తేలేసింది. అమ్మ పరుగున వచ్చి కొడవలితో తాడు కోసింది. "రోకలి దెబ్బే మేలు కదరా, ఒక్కసారిగా పోతుంది" అని లోపలికి వెళ్ళిపోయింది. ఇక గంప కింద మూయడం ఒకటే దారి. మా ఇంట్లో కోళ్ళగంప లేదు. ఉన్నది అవ్వ ఇంట్లోనే. సిగ్గు విడిచి వెళ్ళి అడిగాను. ఆమె తెచ్చి ఇచ్చింది. అప్పటి నుంచి గంప కింద పిల్లి, వీధిలో కోడిపిల్లలు, గంప మీద రాయి పెట్టి పక్కన కాపలా కూర్చున్న నేను. బడికి పోయే పిల్లలు దారి మార్చుకుని మరీ మా ఇంటి ముందు నుంచి పోయేవాళ్ళు.

నాలుగో పొద్దున నేను పళ్ళు తోముకుంటుండగా గంప ఒరిగిపోయి కనిపించింది. తల తిప్పేసరికి అవ్వ ఇంటి గోడ మీంచి పిల్లి దూకింది. దాని నోట్లో కోడిపిల్ల ఉంది. చూసినవాళ్ళు లేరని వాదించిన కేసులో నేనే సాక్షినయ్యాను.

అవ్వను పిలిచి చెప్పాల్సింది. నేను చెప్పలేదు. ఎవరూ చూడకముందే కోడిపిల్లను విడిపించి ఎక్కడో పారేద్దామని పిల్లి వెంట పడ్డాను. అది సందులోంచి మా చేనిలోకి, చేనిలోంచి ఎద్దులతో నీళ్ళు తోడే కపిల బావి దగ్గరికి ఉరికింది. ఆ బావికి గోడ లేదు. చుట్టూ ముళ్ళకంప వేయమని అమ్మ నెలరోజుల నుంచి చెబుతూనే ఉంది. కంప కొట్టడం చదువుకున్నవాడి పని కాదని నేను తప్పించుకుంటూ వచ్చాను. ఇప్పుడు నేను చేతులు చాపి అడ్డం పోయేసరికి పిల్లి బెదిరి, కోడిపిల్లను వదిలేసి, అంచున ఉన్న వదులు రాయి మీదికి ఎగిరింది. రాయీ పిల్లీ కలిసి బావిలో పడ్డాయి.

తొంగి చూశాను. నీళ్ళు రెండు నిలువుల లోతున ఉన్నాయి. పిల్లి బావి గోడలోంచి పొడుచుకొచ్చిన ఒక బండను పట్టుకుని, నడుము దాకా నీళ్ళలో తడిసి, మనిషి బిడ్డలాగా ఏడుస్తోంది. నాకు ఈత రాదు. బావి చుట్టూ రెండుసార్లు పరుగెత్తాను. తర్వాత నేను చేసిన పని ఈనాటికీ చెప్పుకోవడానికి సిగ్గే: పిల్లి సంగతి పక్కన పెట్టి, చచ్చిన కోడిపిల్లను తీసి కోటు జేబులో దాచుకున్నాను. పళ్ళు తోముకునేటప్పుడు కూడా కోటు ఒంటి మీదే ఉండేదన్నమాట.

అంతలో అవ్వ వచ్చింది. నేను ఉరకడం చూసి వెనకే బయలుదేరిందట.

"ఏమి సేస్తాండావు ఈడ?"

"పిల్లి పడింది అవ్వా."

ఆమె తొంగి చూసి, వెంటనే వెనక్కి వెళ్ళింది. కాసేపటికి మా వాకిట్లో ఒరిగివున్న గంపనూ, ఒక తాడునూ, తన ఇంట్లోంచి ఒక ఎండుచేప ముక్కనూ తెచ్చింది. గంపను వెల్లకిలా తిప్పి, తాడుకు కట్టి, చేప ముక్క అందులో వేసింది. "నాకు సత్తువ లేదు. నువ్వు దించు. మెల్లగా" అంది.

నేను ముందుకు వంగి దించుతున్నాను. గంప బండ పక్కకు చేరింది. పిల్లి ఒక కాలు ఎత్తి గంప అంచు మీద వేసింది. దాన్ని చూడాలని ఇంకొంచెం వంగాను. జేబులోంచి కోడిపిల్ల జారి అవ్వ కాళ్ళ ముందు పడింది.

అవ్వ దాన్ని చూసింది. నన్ను చూసింది. నా చేతుల్లో తాడు జానెడు జారింది.

"తాడు వదలొద్దు" అంది.

పిల్లి గంపలోకి ఎక్కింది. పైకి లాగాను. అంచు దాటగానే అది నా ముఖం మీదికి ఎగిరి, నుదుటి నుంచి చెంప దాకా నాలుగు గీతలు గీసి, అక్కడి నుంచి ఊరి వైపు పరుగు తీసింది. నెత్తురు తుడుచుకుంటూ, "అవ్వా, మా పిల్లే పట్టింది. నేను సూసినాను" అన్నాను.

"జేబులో ఏసుకున్నోడివి సూడకుండా ఉంటావా? అది పిల్లి, దాని పని అది సేసింది. నాకు కోపం ఉండాది గానీ, దాని మీద కాదు." ఆమె బావి అంచున రాయి ఊడిపోయిన గుంత వైపు చెయ్యి చూపించింది. "మేకలు తోలుకొని బిడ్డలు పొయ్యే దారి ఇది. పిల్లి కాబట్టి గంపలో వచ్చింది. బిడ్డ పడి ఉంటే ఏమి సేస్తావు నువ్వు? సెక్షన్ సదువుతావా?"

మేకల వెంట అటు పోయే పిల్లల్ని నేను రోజూ చూసేవాణ్ణే.

కోటు విప్పి గట్టు మీద పెట్టి ఆ పూటే కంప కొట్టడం మొదలుపెట్టాను. అలవాటు లేని పని కావడంతో మూడు రోజులు పట్టింది. అరచేతుల నిండా ముళ్ళు. మూడో రోజు మునసబు అటుగా వచ్చి, ఒక గుంజను ఊపి చూసి, "ఇంకొంచెం లోతుగా పాతు" అని వెళ్ళిపోయారు. తర్వాత అవ్వ కోడిపిల్లలకు వెదురు తడికలతో చిన్న దడి కట్టి, పైన పాత చేపలవల కప్పాను. పిల్లి దాని చుట్టూ రెండు రోజులు తిరిగి, ఆశ వదులుకుని, మళ్ళీ ఎలుకల మీద పడింది.

ముఖం మీద గీతలు ఇంకా మానకముందే తిరుచానూరు నుంచి ఆడపిల్లవాళ్ళు నన్ను చూడడానికి వచ్చారు. అమ్మ పసుపు పూసి గీతలు దాచబోతే నేనే వద్దన్నాను. పిల్లాడి గుణం గురించి ఎదురింట్లో విచారించడం ఆనవాయితీ కదా, ఆడపిల్ల తండ్రి నేరుగా అవ్వ దగ్గరికి నడిచాడు. నేను కిటికీ పక్కన నిలబడి చెవులు రిక్కించాను.

"సిత్తూరు కోర్టులో పనిచేసినాడంట కదా, ఎట్లాంటోడు?" అని అడిగాడాయన.

"కోర్టు సంగతి నాకు తెలీదు నాయనా" అంది అవ్వ. "నోరు పెద్దది. తప్పు సేస్తే ఒప్పుకుంటాడు గానీ, కొంచెం ఆలస్యమవుతుంది. కంప మాత్రం బాగా ఏస్తాడు."

ఆయన మా ఇంటికి తిరిగి వచ్చి, మంచినీళ్ళు అడిగి తాగాడు. వచ్చే నెలలో ముహూర్తాలు ఎప్పుడున్నాయో కనుక్కోమని అమ్మతో చెప్పాడు.