పైపు వంపు

మా వీధి చరిత్ర ఎవరైనా రాస్తే, లెక్కల మాస్టారు కళ్లజోడు తుడుచుకోవడానికి ఒక యుగమంతా కేటాయించక తప్పదు. ఎవరేం చెప్పినా ఆయన ముందు చొక్కా అంచుతో అద్దాలు తుడుస్తారు, వెలుగుకు పట్టి చూస్తారు, ఆ తరవాతే తీరిగ్గా అనుమానిస్తారు. పాలవాడి దగ్గర్నుంచి సొంత తోడల్లుడి దాకా ఈ పరీక్షకు నిలబడ్డవాళ్లు లేరు.

వీధికంతటికీ మంచినీళ్ల పైపు వేద్దామని అందరూ చేరిన రోజు, ఇంజనీరు బల్ల మీద పటం పరిచాడు. అందులో ఇళ్లన్నీ పేర్లు లేని గళ్లే. మాస్టారు అద్దాలు తుడిచి, వేలితో ఒకచోట పొడిచారు. "ఇక్కడ పైపెందుకు వంగిందయ్యా? ఎవరి బావమరిది ఇల్లది?" ఇంజనీరు ఇబ్బందిగా నవ్వి, "అది కాదు మాస్టారూ, అక్కడ..." అన్నాడు. "నసగకు. తిన్నగా వెయ్యి!" చివరింటి పిన్నిగారు అందుకున్నారు: "అవును బాబూ, ఇన్ని వంకర్లు తిరిగితే మా ఇంటిదాకా నీళ్లెక్కుతాయా? మోసి మోసి నా నడుం విరిగింది." అందరూ చప్పట్లు కొట్టారు. ఇంజనీరు స్కేలు పెట్టి తిన్నగా గీత గీశాడు. మాస్టారు నిరుడు వీధిలోకి జరిపి కట్టుకున్న వంటింటి మధ్యలోంచి పోయిందది.