బాకా ముందు కుర్చీ

మా నాటకశాలలో వేదికకు ముందు, ప్రేక్షకుల కాళ్ళకన్నా దిగువన ఒక గుంట ఉంటుంది. వాద్యబృందమంతా అందులోనే. పైన నటులు విశాలంగా తిరుగుతుంటే, కింద మేము మోచేతులు ఒకరివొకరికి తగలకుండా ఒదిగి కూర్చుని వాయిస్తాం. వయొలిన్ల రెండో వరుసలో నా పక్క కుర్చీ అక్కది. తోడబుట్టిన అక్కేమీ కాదు. ఇద్దరం ఒకే స్టాండు మీది కాగితాలు చూసి వాయించేవాళ్ళం. మా గుంటలో అంతకన్నా దగ్గర చుట్టరికం లేదు.

అక్క వెనక ట్రంపెట్టు. దాన్ని వాయించేది ఆమె భర్తే. మేనత్త కొడుకు కాబట్టి ఆమె ఆయన్ని 'బావా' అని పిలిచేది. అది విని బృందమంతా 'బాకా బావ' అని పేరు పెట్టేసింది. ఆయన గట్టిగా ఊదితే అక్క మెడ మీది వెంట్రుకలు కదిలేవంటే నవ్వుతారు గానీ, నేను కళ్ళారా చూశాను. అసలు ఆ గుంటలోకి ముందు వచ్చింది అక్క. ట్రంపెట్టు ఖాళీ పడిందని బావకు కబురు చెప్పిందీ ఆమే. ఆయన వచ్చి సరిగ్గా ఆమె వెనకే కూర్చున్నాడు. ఏళ్ళ తరబడి అలాగే సాగింది.

మొదట ఎవరికీ తెలియలేదు. నాటకం అయిపోయాక చెవిలో గుయ్‌మంటోందని అక్క అప్పుడప్పుడు అనేది. మా అందరికీ అలాగే ఉండేది కాబట్టి ఎవరమూ పట్టించుకోలేదు. ఇంట్లో అత్తగారు ఎడమవైపు నుంచి పిలిస్తే పలికేది కాదట. సొంత మేనత్తే అయినా, కోడలికి పొగరెక్కిందని ఆవిడ మాటలు మానేసింది. అక్క ఆ నిందను కిమ్మనకుండా మోసింది. వినపడలేదని చెప్పడం కన్నా పొగరనిపించుకోవడమే ఆమెకు తేలికైంది.

ఒక రిహార్సల్లో శ్రుతి చూసుకుంటున్నాం. ఒకరు స్వరం పట్టి ఉంచుతారు, మిగతావాళ్ళు దానికి తంతులు కలుపుకుంటారు. అందరూ ఆపేసినా అక్క ఇంకా బిరడా తిప్పుతూనే ఉంది. ఆమె ముఖం పాలిపోయింది. ఏమైందని సైగ చేస్తే తల అడ్డంగా ఊపింది. బయటికొచ్చాక మెట్ల మీద నా చెయ్యి గట్టిగా పట్టుకుని చెప్పింది: ఆ ఒక్క స్వరమే కుడిచెవిలో ఒకలా, ఎడమచెవిలో కొంచెం పైకి వినిపిస్తోందట. దేన్ని నమ్మాలో తెలియడం లేదంది. వయొలిన్ వాయించేవాళ్ళకు అంతకన్నా భయపడాల్సింది ఇంకేముంటుంది?

వినికిడి పరీక్షకు నన్ను తోడు తీసుకెళ్ళింది, బావకు చెప్పకుండా. గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినిపించినప్పుడల్లా బొత్తం నొక్కమన్నారు. కుడివైపు చకచకా నొక్కింది. ఎడమవైపు సన్నటి శబ్దాలు వచ్చేసరికి ఆమె వేలు ఊరికే ఆగిపోయింది. పోయిన వినికిడి తిరిగి రాదనీ, మిగిలింది మాత్రం కాపాడుకోవచ్చనీ పరీక్ష చేసినావిడ మెల్లగా చెప్పింది. వెనక ఎవరు కూర్చుంటారని అడిగింది. ట్రంపెట్టు అంది అక్క.

"కాస్త పక్కకు జరగమని ఆయన్ని అడగలేరా?"

"ఆయన మా ఆయనండీ," అంది అక్క.

ఆవిడ నవ్వబోయి, అక్క ముఖం చూసి ఆగిపోయింది.

మిగిలిన వినికిడిని కాపాడుకోవడానికి చెవి కొలతకు ప్లగ్గులు చేయించుకోమంది ఆవిడ. వాటికి చెవి అచ్చు తీయాలి. ముందు లైటు వేసి లోపలంతా చూశారు. దారం కట్టిన చిన్న దూది ఉండను లోపలికంటా పెట్టి, పిచికారీతో మెత్తటి ముద్దను నింపారు. అది గట్టిపడేదాకా కదలకూడదు. ఆ కాసేపూ అక్కకు తన గుండె చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదట. ఆ అచ్చును బట్టి తర్వాత సిలికాన్‌తో అసలు ప్లగ్గులు తయారై వచ్చాయి. చెవి వంపులన్నీ ఉన్న పారదర్శకమైన ముక్కలు, మధ్యలో చొక్కా గుండీ కన్నా చిన్న ఫిల్టరు. దూది పెట్టుకుంటే సంగీతమంతా దుప్పటి కప్పుకుని వచ్చినట్టుంటుంది. ఇవి అలా కాదు, హెచ్చు స్వరాన్నీ తగ్గు స్వరాన్నీ ఇంచుమించు ఒకే పాళ్ళలో తగ్గిస్తాయి. కాకపోతే అలవాటు పడాలి. సొంత దవడ చప్పుడూ, విల్లు రాపిడీ తల లోపలే మోగుతాయి.

బావకు చెప్పమని నేను ఎంత పోరినా ఆమె వినలేదు. కొత్త నాటకం రెండో భాగంలో ఆయనకు మొదటిసారి సోలో దొరికింది. లేచి నిలబడి ఒంటరిగా ఊదాలి. దాని కోసం ఆయన ఎన్నేళ్ళు కాచుకున్నాడో ఆమెకు తెలుసు. చెబితే ఊదలేడని ఆమె భయం. జుట్టు చెవుల మీదికి దువ్వుకుని ప్లగ్గులు పెట్టుకునేది.

ఆఖరి రిహార్సల్లో అదంతా బయటపడింది. అక్క ఒక చోట ఆలస్యంగా అందుకుంది. ముందు నిలబడి బృందాన్ని నడిపించే మాస్టారు చేయి ఎత్తి అందరినీ ఆపారు. రెండో వరుసలో ఎవరో నిద్రపోతున్నారన్నారు. అక్క తల వంచింది, జుట్టు పక్కకు జారింది, ఆయన చూశారు.

"చెవులు మూసుకుని వాయించేవాళ్ళు నాకు అక్కర్లేదు. అవి తీసేయండి. లేదంటే రేపు రావద్దు."

అక్క రెండూ తీసి గుప్పిట్లో పెట్టుకుంది. నేను వెనక్కి తిరిగి చూశాను. బావ ట్రంపెట్టును ఒళ్ళో పెట్టుకుని ఆ గుప్పిటి వంకే చూస్తున్నాడు.

వాద్యాలు సర్దుకునే గదిలో ఆయన అడిగింది ఒక్కటే.

"నా వల్లేగా?"

"నీ వల్ల అని నేనెప్పుడన్నాను బావా?"

"అనలేదు. అందుకే అడుగుతున్నా."

ఆ రోజు ఇద్దరూ ఒకే బస్సులో, వేరు వేరు సీట్లలో ఇంటికెళ్ళారు.

మొదటి ప్రదర్శనకు హాలు నిండింది. మాస్టారి మాట మీద అక్క ప్లగ్గులు లేకుండానే కూర్చుంది. భుజాలు బిగుసుకుపోయి ఉన్నాయి. బావ ఊదాడు, కానీ ఎంత మెల్లగా అంటే, పక్కగదిలో పసివాడు నిద్రపోతున్నట్టు. ఆయన బాకా వినగానే సైనికుడి వేషం వేదిక మీదికి రావాలి. తెర వెనక అతనికి వినిపించలేదు. వేదిక ఖాళీగా ఉండిపోయింది. పాపం నాయిక పాత్రధారి అన్న మాటే మళ్ళీ అంది, ఇంకోసారి అంది. మాస్టారి చొక్కా వీపున తడిసిపోయింది. చివరికి ఎవరో తోసినట్టున్నారు, సైనికుడు తూలుతూ వచ్చాడు.

విరామంలో మాస్టారు బావ దగ్గరికొచ్చి, రెండో భాగంలోనూ ఇదే వరస అయితే సోలో క్లారినెట్‌కు ఇచ్చేస్తానన్నారు. బావ నేల చూపులు చూశాడు. ఈ లోపు అక్క లేచి జుట్టంతా పైకి ముడి వేసుకుంది. మాస్టారి ఎదుటే ప్లగ్గులు ఒక్కొక్కటిగా చెవుల్లో సర్దుకుంది.

"మాస్టారూ, నేను వీటితోనే వాయిస్తాను. తప్పు వాయిస్తే రేపటి నుంచి రాను." తర్వాత బావ వైపు తిరిగింది. "నువ్వు మామూలుగా ఊదు."

"తగులుతుందే నీకు."

"నువ్వు మెల్లగా ఊదితే ఇంకా ఎక్కువ తగులుతోంది."

మాస్టారు ఏదో అనబోయారు. గంట మోగడంతో వెళ్ళిపోయారు.

అక్కకు ధైర్యంగా ఉంటుందని నేను కుర్చీ కింద నా పాదాన్ని ఆమె చెప్పుకు ఆనించాను. అందుకోవాల్సిన చోటు రాగానే నొక్కుతానని చెప్పాను. సోలో వచ్చింది. బావ లేచి నిలబడ్డాడు. ఊపిరి లోపలికి తీసుకున్న చప్పుడు నాకు వినిపించింది, ఆ తర్వాత ఇంకేమీ వినిపించలేదు. నా చెవులు రెండూ గింగురుమన్నాయి. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి అక్క నెమ్మదిగా, నిటారుగా కూర్చుని వింటోంది. ఎన్నో నెలలుగా ఆ బాకా వినగానే ముడుచుకుపోయే మెడ కదల్లేదు. మేము అందుకోవాల్సిన చోటు వచ్చింది. నేను నొక్కేలోపే ఆమె విల్లు కదిలింది.

మాస్టారు క్షమాపణ చెప్పలేదు. కొన్నాళ్ళకు ట్రంపెట్ల ముందు దళసరి పలక ఒకటి నిలబెట్టించారు, అక్క కుర్చీని కాస్త పక్కకు జరిపించారు. ఆమె చెవిలో ఆ గుయ్‌మనడం ఆగలేదు. అప్పుడప్పుడు హోరెత్తి, వాయిస్తున్నది ఆపేయాల్సి వచ్చేది. అత్తగారికి అంతా తెలిసి, అన్ని నెలలు అనవసరంగా అలిగినందుకు మళ్ళీ అలిగింది, ఈసారి తన మీద తానే.

బావను పరీక్షకు లాక్కెళ్ళడానికి అక్కకు చాలా కాలం పట్టింది. ఆయన చెవులు ఆమె చెవులకన్నా ఎక్కువ పాడయ్యాయని తేలింది. ఆయనకు కాస్త బాగా వినిపించేది కుడిచెవి. ఆమెకూ కుడే. పక్కపక్కన కూర్చుంటే ఎవరో ఒకరికి మాట అందదు. అప్పటి నుంచి ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చునే మాట్లాడుకుంటారు. పోట్లాడుకున్నా అలాగే.