ఇచినోసె దగ్గర మాత్రం తాత నోరు మెదపడు

మా తాత తోకుజిరోతో కలిసి సైకిలు తొక్కాలంటే కాస్త సిగ్గు వదులుకోవాలి. మా లోయలో రైలు ఆగిపోయి ఇరవయ్యెనిమిదేళ్లయింది. పట్టాలు పీకేసి, తారు పోసి, సైకిళ్ల దారి చేశారు. పని అలసట దింపుకోవడానికి వచ్చేవాళ్లు ఏటి గాలికి కళ్లు సగం మూసుకుని తొక్కుతుంటారు. తాత మాత్రం తెల్ల చేతితొడుగులు వేసుకుని వస్తాడు. సొరంగం కనబడగానే వేలు చాచి, "సొరంగం, దీపాలు సరి" అని అరుస్తాడు. కాసేపటికి, "వంతెన, సరి." ఒకసారి, "కుక్క, ఒకటి. వేగం తగ్గించు."

ఆయన ఈ దారిలోనే ముప్పై ఒక్క ఏళ్లు రైలుబండి నడిపాడు. వేలితో చూపించి, కళ్లతో చూసి, పైకి చెప్పిన తర్వాతే చెయ్యి కదలాలన్నది వాళ్ల నియమం. ఇంట్లో ఫ్రిజ్ మూసినా "తలుపు, సరి" అంటాడు. స్నానాల గదిలోంచి కూడా ఏవేవో "సరి" అని వినిపిస్తాయి. అవేమిటని మేము అడగడం మానేశాం.

ఇచినోసె స్టేషను దగ్గర మాత్రం అరవడు. గడ్డి మొలిచిన ప్లాట్‌ఫారం ఒక్కటే మిగిలింది అక్కడ. దాని పక్కనుంచి పెర్సిమన్ పళ్ల చెట్ల సందు అమ్మ పుట్టి పెరిగిన పాత ఇంటివైపు దిగుతుంది. తాత సైకిలు దిగి, సీసాలో టీ తాగి, ఆ సందులోకి చూసి, మాట్లాడకుండా బయల్దేరతాడు.

ఈ అక్టోబరులో కంటి డాక్టరు ఇక సైకిలు తొక్కొద్దన్నాడు. నెలాఖరు దాకా గడువడిగి తెచ్చుకున్నాడు తాత. ఆ వారమే ఇచినోసెలో అడిగాను.

"ఏం తాతా, ఇక్కడ గొంతు పట్టేస్తుందా?"

"నోరు ఎక్కువైంది నీకు. కూర్చో," అన్నాడు.

చెప్పాడు. అమ్మకు పద్దెనిమిదేళ్లు. పట్నంలో నర్సుల బడి ప్రవేశ పరీక్ష. మంచు పడుతోంది. మొదటి బండి తాతదే. బయల్దేరే ముందు అద్దంలో చూస్తే సందు మలుపులో ఎర్ర మఫ్లరు, పరుగెత్తుకుంటూ వస్తోంది.

"ఎంత దూరం?"

"నలభై సెకన్లు."

"ఆపలేదా?"

"వెనక సీట్లో పెద్దాఫీసు ఇన్‌స్పెక్టరు ఉన్నాడు. ముల్లంగులమ్మే ముసలమ్మ కోసం రెండు నిమిషాలు ఆపినవాణ్ణి నేను. ఆ పూట కూడా ఇంకెవరి పిల్లయినా అయితే ఆపేవాణ్ణే. నా పిల్ల కాబట్టి ఆపలేదు. కూతురి కోసం బండి ఆపాడని అనరూ?" కాసేపు చేతితొడుగు వేళ్లు లాక్కున్నాడు. "అద్దానికి వేలు చూపించి, 'ఎక్కేవాళ్లు లేరు, సరి' అన్నాను. అన్నేళ్లలో నేను పైకి చెప్పిన అబద్ధం అదొక్కటే."

తర్వాతి బండి రెండు గంటలకు గానీ లేదు. పరీక్ష గది తలుపులు మూసేశారు. మరుసటి ఏడాది అమ్మ రాయలేదు. టోఫు, అదే సోయా జున్ను, చేసి అమ్మే మా నాన్నను పెళ్లి చేసుకుంది.

ఆయన ముఖం చూడలేక, "నువ్వు ఆపి ఉంటే అమ్మ పట్నంలో నర్సయ్యేది, నేను పుట్టేదాన్నే కాదు. ఆపకపోవడమే మంచిదైంది," అన్నాను.

తాత నిజంగానే ఆలోచించాడు. "అదీ చూసుకున్నాను, మినె. అయినా ఆపి ఉండాల్సింది."

సగంలో హైస్కూలు మానేసిన నా బుర్రకు అప్పుడొక గొప్ప ఆలోచన తట్టింది. అమ్మను ఒక్కసారి ఇక్కడికి తీసుకొస్తే తాత క్షమాపణ చెప్పుకుంటాడు, ఆ బరువు దిగిపోతుంది. పొద్దస్తమానం టోఫు ఉంచే నీళ్ల తొట్ల దగ్గరుండే అమ్మ ఈ దారి తొక్కింది లేదు. నాలుగు రోజులు వెంటపడి ఒప్పించాను.

నెలాఖరు ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం బయల్దేరాం. అమ్మ పొయ్యి ఆర్పానో లేదోనని ఒకసారి, గడియ పెట్టానో లేదోనని రెండుసార్లు వెనక్కి వెళ్లింది. అది ఆమె అలవాటు.

"మీ అమ్మ బండి ఇంకా షెడ్డులోనే ఉంది," అన్నాడు తాత.

"నీలా అరిస్తే గడియ పడుతుందా, నాన్నా," అంది అమ్మ. దారి పొడుగునా తాత అరుపులకు నవ్వుతూనే ఉంది. గాలికి జుట్టు రేగిన అమ్మను నేను అంత తేలిగ్గా ఎప్పుడూ చూడలేదు.

ఇచినోసెలో తాత సైకిలు దిగాడు. టీ తాగలేదు. నిటారుగా నిలబడి, పెర్సిమన్ సందు వైపు వేలు చాచి, "ఎక్కేవాళ్లు, ఒకరు. ఆగు," అన్నాడు. అమ్మ వైపు తిరిగి, "సుమియే, ఆ రోజు అద్దంలో నిన్ను చూశాను," అన్నాడు.

అమ్మ ముఖంలో నవ్వు వెంటనే పోలేదు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు అలాగే ఉంది.

"చూశావా?"

"చూశాను."

"నేను కనబడలేదనుకున్నాను, నాన్నా. పెన్సిళ్ల డబ్బా మరిచిపోయి వెనక్కి వెళ్లాను. దానివల్లే బండి తప్పిపోయిందనుకున్నాను. ఇంత అజాగ్రత్త మనిషి రోగులకు మందులేం ఇస్తుందిలే అని మళ్లీ రాయలేదు."

తాత నడుము వంచి తల దించాడు. ఆ వయసులో అంత కిందికి వంగకూడదు. అమ్మ ఆయన భుజం పట్టి లేపింది. పెరుగుతున్న చలికి కాలరు పైకి మడుచుకుంది. నా వైపు చూసి, "నీకు ముందే తెలుసా?" అంది. తలూపాను. నా జన్మలో అంత బరువుగా ఎప్పుడూ తలూపలేదు. ముప్పై ఆరేళ్లుగా తాత ఒక్కడి దగ్గరే ఉన్నదాన్ని తెచ్చి ఆమె చేతిలో పెట్టించాను.

"తొట్లలో నీళ్లు మార్చాలి," అని అమ్మ సైకిలెక్కింది. వేగంగా వెళ్లింది. ఈసారి దేనికీ వెనక్కి రాలేదు.

మేమిద్దరం నెమ్మదిగా బయల్దేరాం. తాత చేతితొడుగులు విప్పి జేబులో పెట్టుకున్నాడు. వంతెన వచ్చింది, ఆయన ఏమీ అనలేదు. సొరంగం వచ్చింది. అవతలి చివర వెలుగులో అమ్మ కనబడుతుందేమోనని చూశాను. లేదు. తాత చూపు హ్యాండిలు మీదే ఉంది.

నేనే వేలు చాచి, "సొరంగం, సరి," అన్నాను.

"దీపాలు చూడలేదు నువ్వు," అన్నాడు తాత.