నైస్ మేడమ్

మా సెక్షన్‌లో నన్ను ‘నైస్ మేడమ్’ అనేవారు. ఢిల్లీలో పదకొండేళ్ల కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో నేను సంపాదించిన బిరుదు అదొక్కటే. ఇచ్చింది మా పై అధికారి. పార్లమెంటు ప్రశ్నకు జవాబు రాయాలన్నా, ఎవరో సెలవు పెట్టి వదిలేసిన ఫైలు చూడాలన్నా నా టేబుల్ దగ్గరికొచ్చి, తల ఒక పక్కకు వాల్చి, “మేడమ్, యూ ఆర్ సో నైస్” అనేవారు. మాట పూర్తయ్యేసరికి ఫైలు నా ముందుండేది. నేను సిగ్గులేకుండా సంతోషపడేదాన్ని.

ఆ ఫైళ్లలో సగం నా పక్క సీటాయనవి. ఆయనదీ మా గుంటూరే. నేను ఆయన పని చేస్తుంటే ఆయన తీరిగ్గా టీ తాగేవారు.

ఒక ఆదివారం మా అమ్మాయి ఇంగ్లీషు మాటల పుట్టుక మీద స్కూలు ప్రాజెక్టు చేస్తూ పకపకా నవ్వింది.

“మమ్మీ, నైస్ కా మత్‌లబ్ పహలే బేవకూఫ్ థా!”

“నైస్ అంటే ఒకప్పుడు తెలివితక్కువ అనా? ఎవరన్నారే?”

నిఘంటువు చూపించింది. లాటిన్‌లో ‘ఏమీ తెలియని’ అనే మాట ఫ్రెంచిలో ‘తెలివితక్కువ’ అయి, అదే అర్థంతో ఇంగ్లీషులోకి దిగిందట. తర్వాత వందల ఏళ్లపాటు వేషాలు మార్చి, చివరికి ‘మంచి’గా స్థిరపడిందట. ఆ పాత అర్థం లోకం మరిచిపోయిందేమో గానీ, మా ఆఫీసులో చెక్కుచెదరలేదు. మనవాళ్లు ‘మంచిది, పాపం’ అన్నా ఇంతేగా!

సోమవారం మా పై అధికారి వచ్చారు, చేతిలో పక్క సీటాయన ఫైలు. తల వాలింది.

“మేడమ్, యూ ఆర్ సో...”

“సర్, ఆ మాటకు మొదటి అర్థం తెలుసా?” అని లాటిన్ నుంచి మొత్తం చెప్పాను. సెక్షనంతా కీబోర్డులు ఆపి విన్నది.

“అచ్ఛా? వెరీ ఇంట్రెస్టింగ్!” అన్నారాయన. ఫైలుతో చాచిన చెయ్యి మాత్రం దించలేదు.

“ఇది నేను చేయలేను సర్. నా పనే నాకు చాలా ఉంది.”

ఆయన ఫైలు పక్క టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయారు.

“మీరిట్టాంటి మనిషనుకోలేదు మేడమ్,” అన్నారు పక్క సీటాయన, నొచ్చుకుని.

“నేనూ అనుకోలేదండీ,” అన్నాను.

సాయంత్రాలు మెట్రోలో నా పక్కన నిలబడి తన బీపీ కథలు చెప్పే ఆ పక్క సీటాయన, ఇప్పుడు వేరే బోగీ ఎక్కుతున్నారు. నేను మయూర్ విహార్‌లో మా ఇంటికి, దారిలో కిటికీలోంచి యమునను ప్రశాంతంగా చూస్తూ వస్తున్నాను. నీళ్లకన్నా నురగే ఎక్కువ. అయినా బాగుంది.