వనిత వేసిన నంబర్లు

కోరుట్లలో ఒక మెడికల్ షాపు పైగదిలో గల్ఫ్ కార్మికుల సహాయ కేంద్రం ఉంది. అక్కడ, గల్ఫ్‌లో చిక్కుకుపోయినవాళ్ల తరఫున ఎంబసీలకు, కంపెనీలకు, ఆస్పత్రులకు ఈమెయిళ్లు రాయడం వనిత పని. ఆమె సిరిసిల్ల మరమగ్గాల కార్మికుడు ధనుంజయ్ కూతురు. పెళ్లయి కోరుట్లకు వచ్చింది.

చేరిన మొదటి ఏడాదే పెద్ద పొరపాటు జరిగింది. ఒకే లేబర్ క్యాంపులో ఇద్దరు వెంకటిలు ఉండేవారు, ఒకరిది కథలాపూర్, మరొకరిది బుగ్గారం. ఇద్దరి కోసం పంపిన మెయిళ్ల పైనా సబ్జెక్టుగా "హెల్ప్" అనే ఉంది. ఒకరోజు జవాబు వచ్చింది: వెంకటి గుండెపోటుతో చనిపోయాడు. వనిత కథలాపూర్‌లో ఉన్న ఎల్లవ్వకు ఫోన్ చేసి, ఆమె భర్త పోయాడని చెప్పింది. సాయంత్రం ఆ భర్తే ఇంటికి ఫోన్ చేశాడు.

మర్నాడు వనిత మొదటి బస్సుకే కథలాపూర్ వెళ్లింది.

"ఇల్లంత ఏడ్సుడే బిడ్డా. గా ఫోను రాకపోతే నా గతేంది?" అంది ఎల్లవ్వ.

"తప్పు నాదే అవ్వా. ఏ మెయిల్‌కు ఏ జవాబో సూసుకోలే."

ఎల్లవ్వ లోపలికి వెళ్లింది. మంచినీళ్లు తెచ్చిచ్చి, "మరి గా ఇంకో ఇంటికి ఎవలు చెప్తరు?" అని అడిగింది.

వనితే వెళ్లింది. బుగ్గారంలో భర్తను పోగొట్టుకున్న దేవమ్మ పక్కన పొద్దుగూకేదాకా కూర్చుంది.

ఆ వారం సిరిసిల్ల పోయినప్పుడు తండ్రిని అడిగింది: "నాయినా, బట్ట తానులన్నీ ఒక్క తీరుగనే ఉంటయి గద. ఏది ఏదో ఎట్ల తెలుస్తది?"

"అంచు మీద నంబరేస్తం. ఒకదానికి ఏసిన నంబరు మల్ల ఇంకోదానికి ఎయ్యం."

తిరిగొచ్చి ఆమె పాత మెయిళ్లన్నిటికీ ఒక్కోదానికి ఒక్కో నంబరు వేయడం మొదలుపెట్టింది. కేంద్రం నడిపే రంజిత్‌కు అది అర్థం కాలేదు.

"పాస్‌పోర్ట్ నంబరుంది గద, మల్ల గిదెందుకు?"

"గది మనిషి నంబరు సార్. ఒక్క మనిషి గురించి నలభై మెయిళ్లు పోతయ్. గిది మెయిల్ నంబరు."

రెండు నెలలు పట్టింది. ఆ తర్వాత ప్రతి మెయిల్ పైనా నంబరు వేసి, జవాబులో దాన్ని తీసేయొద్దని రాసేది. అదే నంబరు చీటీ మీద రాసి ఇంటివాళ్లకూ ఇచ్చేది.

పోయిన ఎండాకాలం ఒక ఆస్పత్రి నుంచి జవాబు వచ్చింది. పేరు లేదు. నంబరు, రెండు వాక్యాలు: రోగిని గురువారం విమానంలో పంపుతున్నాం, నడవలేడు, ఎవరైనా ఎదురు రావాలి. వనిత నంబరు వెతికింది. అది జగిత్యాల సాయవ్వ కొడుకు రాకేశ్ కోసం రాసిన మెయిల్. ఎనిమిది నెలలుగా అతని జాడ లేదు. రంజిత్ కూడా సరిచూశాక, అప్పుడు సాయవ్వకు ఫోన్ చేసింది. పక్కింటి పిల్లతో చీటీ మీది అంకెలు చదివించింది. కలిశాయి.

"నీ కొడుకు బేస్తారం దిగుతుండు, సాయవ్వా."

"మల్లొక్కపారి సూడు బిడ్డా. తప్పైతే నేను తట్టుకోలేను."

"మూడుసార్లు సూసిన. నీ కొడుకే."

గురువారం ఇద్దరూ అంబులెన్సులో శంషాబాద్ వెళ్లారు. చక్రాల కుర్చీలో వచ్చిన రాకేశ్ తల్లిని చూసి, "గింత బక్కగైనవేందమ్మా" అన్నాడు. సాయవ్వ ఏడుస్తూనే నవ్వింది. ఇప్పుడతను కర్ర సాయంతో నడుస్తున్నాడు.